కడిగి పెట్టిన పంపు

ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నది నాన్న, అమ్మ, నానమ్మ, భోజనానికి వచ్చిన పెద్దత్త, ఆమె భర్త పైపుల మామయ్య, నేను. పెద్దత్త నాన్నకి అక్క. మామయ్యకి ప్లాస్టిక్ పైపుల దుకాణం ఉంది కాబట్టి ఆయన్ని అందరూ అలాగే అంటారు. నాన్న, మామయ్య ముందుగదిలో కుర్చీల్లో ఉన్నారు. నానమ్మ, అత్త మంచం మీద ఉన్నారు. అమ్మ వంటింట్లో ఉంది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని రెండు గదుల మధ్య గుమ్మంలో ఉన్నాను. ఎవరైనా వస్తే నా చోటు అదే. అక్కడ నిలబడితే రెండు గదుల మాటలూ వినబడతాయి, నేను మాత్రం ఎవరి కంటికీ ఆనను. అత్త నన్ను పిల్లిపిల్ల అంటుంది. "వచ్చిందీ తెలీదు, పోయిందీ తెలీదు. నోట్లో నాలుక ఉందో లేదో ఒకసారి చూపించవే," అని నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. నవ్వితే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది.

మామయ్య ఊరికే రాలేదని నాకు తెలుసు. వస్తూనే కాళ్ళు కూడా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్ళి, పుట్టగొడుగుల షెడ్డు చుట్టూ తిరిగి, గోడ మీద అరచేత్తో తట్టి చూశాడు. గేదెను కొనేవాళ్ళు అలా తడతారు. దుకాణంలో పైపులు పట్టడం లేదని, సరుకు పెట్టుకోవడానికి చోటు కావాలని ఆయన ఎప్పటి నుంచో అంటున్నాడు. ఈ పంట కూడా సరిగా రాకపోతే షెడ్డు ఆయనకి అద్దెకి ఇచ్చేయాలని నాన్న, ఆయన ఫోన్లో మాట్లాడుకోవడం నేను విన్నాను.

ఆ షెడ్డులో పుట్టగొడుగులు పెంచేది అమ్మ. బయట మాత్రం నాన్నని "పుట్టగొడుగులాయన" అంటారు. నాన్న బస్సు డిపోలో గుమాస్తా. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాడు. గడ్డి నానబెట్టేది అమ్మ. డ్రమ్ములో ఉడకబెట్టేది అమ్మ. ఉడికిన గడ్డిని ఆరబోసి, గుప్పిట్లో పట్టి పిండి, చుక్క రాలకుండా చెయ్యి మాత్రం తడయ్యేదాకా కాచుకుని కూర్చునేది అమ్మ. సంచుల్లో పొరలు పొరలుగా గడ్డీ విత్తనమూ నింపడం అమ్మది, నాది. హోటలువాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తడం నాన్నది. "మా పంట ఈసారి బ్రహ్మాండం," అంటాడు. పంట బాగుంటే అది మా పంట. పాడైతే మీ అమ్మ పంట. ఇంత పనీ చేసి అమ్మ ఇంట్లోకి రాగానే నానమ్మ, "ఇంతసేపూ ఆ చీకటి కొట్లో ఏం చేస్తావో గానీ, ఇక్కడ పొయ్యి చల్లారిపోయింది," అనేది.

కానీ అమ్మకి ఆ చీకటి కొట్టు ఇష్టం. అది నేను ఎవరికీ చెప్పలేదు. షెడ్డులోకి వెళ్ళగానే అమ్మ నడక మారిపోతుంది. ఇంట్లో ఎప్పుడూ ఎవరో పిలుస్తారన్నట్టు తల కొంచెం పక్కకి వంచి ఉంచుతుంది. అక్కడ మెడ నిటారుగా పెట్టుకుని, ఒక్కొక్క సంచినీ వేళ్ళతో నొక్కి చూస్తూ, నెమ్మదిగా తిరుగుతుంది. ఒక్కోసారి పాడుతుంది కూడా. ఇంట్లో అమ్మ పాడగా నేనెప్పుడూ వినలేదు.

ఈ పంటకి పెద్ద శత్రువు పచ్చబూజు. సంచిలో గడ్డిని పుట్టగొడుగు తెల్లటి దారాలు అల్లుకుంటూ రావాలి. ఆ తెల్లదనం మధ్యలో ఒక పచ్చటి మచ్చ కనబడిందంటే ఆ సంచి దక్కదు. ముందటి పంట అలాగే సగం పోయింది. అప్పుడు మాకు విత్తనం ఇచ్చే ల్యాబ్ మేడం అమ్మకి ఒక తెల్లటి పొడి ఇచ్చింది. అది మంచి బ్యాక్టీరియా. "బూజుకని ఘాటు మందు కొడితే పుట్టగొడుగుకీ దెబ్బేనమ్మా. రెండూ ఒకే కులం. అందుకని గడ్డి నింపేటప్పుడే ఈ పొడి నీళ్ళలో కలిపి కొట్టండి. బస్సులో సీట్లన్నీ మనవాళ్ళే ఎక్కి కూర్చుంటే దొంగ ఎక్కడ కూర్చుంటాడు? పైగా వీళ్ళు ఊరికే కూర్చోరు. బూజుకి పడని పదార్థం వదులుతారు," అంది. అమ్మకి ఆ బస్సు మాట ఎంత నచ్చిందో, ఇంటికి వచ్చేదాకా తలుచుకుని నవ్వుతూనే ఉంది.

ఇంట్లో ఎవరూ నవ్వలేదు. "రోగాలు తెచ్చే క్రిములని కొనుక్కొచ్చి తినే వస్తువు మీద చల్లుతారా ఎక్కడైనా? దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది," అంది నానమ్మ. నాన్న కాసేపు ఆలోచించి, "సగం సంచులకే కొట్టు. పోతే సగమే పోతుంది," అన్నాడు. అలా షెడ్డులో కుడివైపు సంచులకి మంచి బ్యాక్టీరియా పడింది, ఎడమవైపు వాటికి పడలేదు.

కుడివైపే పచ్చబడింది. ఒకటీ రెండూ కాదు, ఆ వైపు సంచులన్నీ లోపల్నుంచి పాచి పట్టినట్టు అయిపోయాయి. ఎడమవైపు మాత్రం తెల్లగా, ఏమీ ఎరగనట్టు వేలాడుతున్నాయి. నానమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి చూసి, "చెప్పానా? కంచే చేను మేసింది," అంది. అమ్మ వెళ్ళి ఒక సంచిని వేళ్ళతో నొక్కి చూసింది. కుడివైపు సంచుల ముందు అలా నిలబడిపోయింది.

ఆ రోజు నుంచి నాకు ఎవరిని చూసినా అనుమానమే. ముందు నానమ్మని అనుమానించాను. ఆవిడ పెరటి చెప్పులతోనే షెడ్డులోకి వస్తుంది. కానీ చెప్పులకి కుడీ ఎడమా తెలియవు కదా, ఒక వైపునే ఎందుకు పాడుచేస్తాయి? తర్వాత ల్యాబ్ మేడంని అనుమానించాను. కానీ ఆమె దగ్గరే ఆ పొడి తీసుకున్న బేకరీ వెనకింటి ఆంటీ పంట పువ్వులా ఉంది. మామయ్యని కూడా అనుమానించాను గానీ ఆయన ఆ రోజుల్లో ఇటు రానే లేదు. చివరికి, రాయడానికి కూడా బాగాలేదు, అమ్మని కూడా అనుమానించాను. నీళ్ళు సరిగా మరిగించలేదేమో, ఆత్రంలో గడ్డి చల్లారకముందే నింపిందేమో అని. ఇంట్లో అందరూ ఒకే మాట అంటుంటే ఆ మాట మనలోకి ఎప్పుడు దూరిందో మనకే తెలియదు.

అప్పుడు పంపు గుర్తొచ్చింది.

మా ఇంట్లో మందు కొట్టే పంపు ఒక్కటే. పెరటి గోడకి మేకు మీద వేలాడుతుంటుంది. సంచులు నింపిన రోజు పొద్దున నేను కిటికీ దగ్గర జడ వేసుకుంటున్నాను. పెరట్లో నాన్న టమాటా మొక్కల దగ్గర ఈల వేస్తూ తిరుగుతున్నాడు. ఆ మొక్కలంటే నాన్నకి ప్రాణం. ఇంటి పనిలో ఆయన ముట్టుకునేది వాటిని మాత్రమే. వేర్లు కుళ్ళి వాడిపోతున్నాయని దుకాణంలో అడిగి ఒక పొట్లం తెచ్చాడు. "ఇది కూడా బూజేనట, కానీ మంచి బూజు. మట్టిలో చెడ్డ బూజుని తినేస్తుందట," అని ముందురోజే నాకు చూపించాడు. బూడిద కలిపిన ఆకుపచ్చలా ఉంది ఆ పొడి. దాన్ని పంపులో కలిపి మొక్కల మొదళ్ళకి కొట్టాడు. పంపులో ఒక చెంబు నీళ్ళు పోసి, రెండుసార్లు ఊపి, పారబోసి, మేకుకి తగిలించాడు.

కాసేపటికి అమ్మ పంపు కోసం వచ్చింది. మామూలుగా అయితే అమ్మ దాన్ని సలసల కాగే నీళ్ళతో కడిగి, ముక్కు ఊడదీసి, గుడ్డతో తుడిచి గానీ షెడ్డులోకి తీసుకెళ్ళదు. ఆ రోజు తడి చూసి ఆగింది.

"పంపు తీశారా ఏవండీ?"

"ఆ, టమాటాలకి నీళ్ళు కొట్టాను. కడిగి పెట్టానులే. నేనే."

ఆ "నేనే" అన్నప్పుడు నాన్న మొహం ఎంత వెలిగిందో. అమ్మ కూడా నవ్వింది. ఆయన ఏదో ఒక వస్తువు కడగడం ఆవిడకి అంత అపురూపం. మళ్ళీ కడిగితే ఆయన చేసిన పనిని కాదన్నట్టు అవుతుంది కదా. అందుకని కడగలేదు. అదే పంపులో తెల్ల పొడి కలుపుకుని, తన చేత్తోనే కుడివైపు సంచులన్నిటికీ కొట్టింది.

అప్పటికి నాకు అందులో తప్పేమీ కనబడలేదు. మంచి బూజు అన్నాడు కదా, మంచిదే అనుకున్నాను. ఆదివారానికి ముందు, సంచులు పచ్చబడ్డాయని విని ల్యాబ్ మేడం ఫోన్ చేసింది. అమ్మ చేతులు పిండిలో ఉంటే నేనే ఫోన్ చెవి దగ్గర పట్టుకున్నాను. మేడం మాటలు నాకూ వినబడ్డాయి. "మీ పంపులో మొక్కలకి కొట్టే మంచి బూజు పొడి ఏమైనా కలిపారా? అది మొక్క వేర్లకి చుట్టం, పుట్టగొడుగుకి యముడు. మీ సంచుల్లో ఉన్న పచ్చబూజు జాతీ, ఆ పొడి జాతీ ఒక్కటే. అంత ఒక్కసారిగా వచ్చి పడితే నా బ్యాక్టీరియా ఏం ఆపుతుంది?" అంది. నేను చటుక్కున అమ్మ మొహంలోకి చూశాను. అమ్మ మాత్రం, "కనుక్కుంటాను మేడం," అని పిండి కలుపుతూనే ఉంది.

సాయంత్రం నాన్నని అడిగింది కూడా. చాలా మెల్లగా, వేరే దేనికోసమో అడుగుతున్నట్టు అడిగింది. "ఆ రోజు పంపులో పొడి ఏదైనా కలిపారేమోనని..."

"నీళ్ళే కొట్టానన్నానుగా," అన్నాడు నాన్న. టీవీ మీద నుంచి కళ్ళు తీయలేదు. "చేసిన పనికి మెచ్చుకోకపోతే మానె, నన్నే అనుమానిస్తావా?"

"అబ్బే, ఊరికే అడిగాను."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నాన్న చెయ్యి మెడ వెనక్కి వెళ్ళింది. నేను చూశాను. ఆయనకి తెలుసు. మేడం చెప్పకపోయినా ఆయనకి సంచులు చూసినప్పుడే తెలిసి ఉంటుంది, ఆ రంగు ఆ పొడి రంగే కదా. నేను పెరటి కిటికీ గట్టు దగ్గరికి పరిగెత్తాను. పొట్లం అక్కడే ఉండేది. ఇప్పుడు లేదు. దుమ్ములో అది ఉన్న చోటు మాత్రం శుభ్రంగా ఉంది. తీసేశాడు అనుకున్నాను. నాకు మంచివాడనిపించే నాన్న, నాకు జ్వరం వస్తే పక్కనే కూర్చునే నాన్న, పొట్లం తీసి పారేసి అమ్మని దొంగని చేశాడు అనుకున్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఇవన్నీ మనసులో పెట్టుకునే ఆదివారం ఆ గుమ్మంలో నిలబడ్డాను.

భోజనాలు మొదలయ్యాయి. అమ్మ వడ్డించి వంటింట్లోకి వచ్చేసింది. మామయ్య రెండో ముద్దకే అసలు మాటకి వచ్చాడు.

"ఇంకేం బావమరిదీ, పచ్చబూజు బాగా పండిందట. కిలో ఎంత?"

అత్త పకపకా నవ్వింది. నానమ్మ, "హస్తవాసి అని ఒకటుంటుంది నాయనా. కొందరు ముట్టుకుంటే మట్టయినా మొలకెత్తుతుంది, కొందరు ముట్టుకుంటే..." అని, వంటింటి వైపు చూసి, మిగిలింది చేత్తో చెప్పింది.

"మావాడు కాబట్టి సరిపోయింది," అంది అత్త. "ఇంకొకడైతే ఆ క్రిములూ అవీ బయట పారేసి, ముందు వంట సరిగా చెయ్యమనేవాడు. అయినా చదివింది ఎంత, ఈ ప్రయోగాలెంత?"

"పోనీలే అక్కా," అన్నాడు నాన్న. ఆయన గొంతు పెద్దమనిషి గొంతులా ఉంది. "తెలియక చేసింది, పాపం. దానికి అదొక సరదా. ఈ ఒక్కసారికీ వదిలేద్దాం బావా. ఇంకో పంట చూసి, అప్పుడు షెడ్డు సంగతి మాట్లాడుకుందాం."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. తిరిగి చూశాను. అమ్మ పొయ్యి గట్టు పట్టుకుని కళ్ళు మూసుకుంది. భుజాలు రెండూ కిందికి దిగాయి. అవమానంతో కుంగిపోయిందనుకున్నాను. తను చేయని తప్పుకి క్షమ దొరికితే ఎవరైనా అలాగే కుంగిపోతారు అనుకున్నాను. తప్పు చేసినవాడే క్షమిస్తుంటే, ఆ క్షమించినందుకు అందరూ ఆయన్ని మెచ్చుకుంటుంటే, నేను చేతిలో చెంబు గడప పక్కన పెట్టేశాను.

"అమ్మ చెయ్యి కాదు," అన్నాను.

ఎవరికీ వినబడలేదు. మామయ్య ఇంకొంచెం కూర వెయ్యమన్నాడు. నేను గుమ్మం దాటి ముందుగదిలోకి వచ్చాను.

"అమ్మ చెయ్యి కాదు. పంపు. నాన్న టమాటాలకి బూజు పొడి కలిపాడు ఆ పంపులో. సరిగ్గా కడగలేదు. అమ్మకి నీళ్ళే కొట్టానని చెప్పాడు."

"ఓసినీ!" అంది అత్త. "పిల్లికి మాటలొచ్చాయే!"

నాన్న నవ్వాడు. ముందు నిజంగానే నవ్వాడు. "ఏ పొడి తల్లీ? ఎక్కడుంది? తీసుకురా చూద్దాం."

"కిటికీ గట్టు మీద ఉండేది. ఇప్పుడు లేదు."

"ఉండేది. ఇప్పుడు లేదు." నాన్న మామయ్య వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

"నువ్వే నాకు చూపించావు కదా నాన్నా, ముందురోజు. మంచి బూజు అన్నావు. చేతిలో పోసి చూపించావు."

ఆ మాటకి ఆయన నవ్వు పోయింది. అబద్ధం ఆడుతున్నావని నన్ను అనలేకపోయాడు. నిజమనీ అనలేకపోయాడు. మామయ్య తింటున్నది ఆపి ఆయన్నే చూస్తున్నాడు. మామయ్య పెదవి చివర చిన్న నవ్వు మొలుస్తోంది. నాన్న ఆ నవ్వుని చూశాడు. అంతే, పళ్ళెంలో అన్నం అలాగే ఉండగా చెయ్యి కడిగేసుకుని లేచాడు.

"రేపు వచ్చి కొలతలు తీసుకో బావా. ఈ పుట్టగొడుగుల పీడ ఇక నాకొద్దు. కన్నకూతురి చేత సంజాయిషీ అడిగించే పంట నాకెందుకు?"

నానమ్మ నన్ను తిట్టడం మొదలుపెట్టింది. పెంపకం అంది, పొగరు అంది, గంగిగోవులా ఉండే పిల్లకి ఎవరు నూరిపోశారో నాకు తెలియదా అంది. ఆ ఎవరో అమ్మే. అమ్మ బయటికి రాలేదు. నేను వంటింట్లోకి వెళ్ళేసరికి అక్కడ లేదు. పెరటి తలుపు తెరిచి ఉంది.

షెడ్డులో ఉంది. కుడివైపు పచ్చ సంచులని పెద్ద ప్లాస్టిక్ సంచిలోకి దించి మూతి కడుతోంది. దుమ్ము లేవకుండా ఒక్కొక్కదాన్నీ పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తుతోంది. నేను గడప దగ్గరే ఆగాను. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంటుందని అనుకున్నాను. మా అమ్మాయి నా కోసం మాట్లాడింది అంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ మాట కోసమే వచ్చాను.

"పొట్లం నాన్న పారేశాడమ్మా," అన్నాను. "లేకపోతే చూపించేదాన్ని."

"నాన్న కాదు. నేను పారేశాను," అంది అమ్మ.

నాకు అర్థం కాలేదు.

"సంచులు పచ్చబడ్డ రోజే చూశాను దాన్ని. వాసన చూశాను. మేడం చెప్పేదాకా ఆగాలా ఏమిటి? ఆయన్ని అడిగింది కూడా ఆయన నోటితో కాదనిపించి, ఆ సంగతి అక్కడితో ఆపడానికే." మూతి బిగించి కట్టి, చేతులు దులుపుకోకుండా అలాగే గాలిలో పట్టుకుని నా వైపు తిరిగింది. "తప్పు నాదయితే మీ నాన్న క్షమిస్తాడు. క్షమిస్తే ఆయన మంచివాడవుతాడు. మంచివాడైన మనిషి, పోనీ ఇంకో పంట చేసుకో అంటాడు. అన్నాడా లేదా? నీ చెవులతో విన్నావుగా. అదే తప్పు ఆయనదయితే, ఈ షెడ్డు కనబడ్డప్పుడల్లా ఆయనకి ఆ తప్పే కనబడుతుంది. దీనికి తాళం పడేదాకా నిద్రపోడు."

పొయ్యి దగ్గర అమ్మ భుజాలు ఎందుకు దిగాయో అప్పుడు తెలిసింది. అది కుంగిపోవడం కాదు. గండం గడిచిన మనిషి ఊపిరి వదలడం. నేను నోరు విప్పేదాకా షెడ్డు దక్కింది.

"మామయ్య ఇంకా వెళ్ళలేదు," అంది అమ్మ. గొంతు తగ్గించింది. బతిమాలుతున్నట్టు కాదు, పని పురమాయిస్తున్నట్టు. "ఇప్పుడే వెళ్ళు. ఆ పొడి చూసింది వేరే రోజని చెప్పు. పొరపాటు పడ్డానని చెప్పు. నీ మాటయితే ఆయన పట్టుకుంటాడు. ఆయనకీ బయటపడే దారి కావాలి. రెండు తిట్లు తిడతారు, పడు. నేను పడటం లేదూ?"

ఎడమవైపు సంచులు అమ్మ వెనక తెల్లగా వేలాడుతున్నాయి. ఇంకొన్ని రోజుల్లో మొగ్గ తొడుగుతాయి. అమ్మకి ఈ గది ఉండాలి. అది నాకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. ఒక్క మాట. చిన్న మాట. పైగా నాకు మాటలు మింగడం బాగా వచ్చు కదా.

ఇంటి వైపు ఒకసారి చూసి, మళ్ళీ అమ్మ వైపు తిరిగాను.

"చెప్పను," అన్నాను.

"ఏం?"

"చెప్పనమ్మా."

"నువ్వూ మీ నాన్న కూతురివే," అంది అమ్మ. ఆవిడ కళ్ళు ఎర్రబడ్డాయి. "నీ మాట నెగ్గితే చాలు. ఎవరు ఏమైపోతే నీకేం."

"అది కాదు. ఇవాళ చూసింది చూడలేదని చెప్పడం వచ్చేస్తే, రేపు నా ఇంట్లో పొట్లాలు నేను కూడా నీలాగే పారేస్తుంటాను."

అమ్మ నన్ను అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో కోపం ఉందో, ఇంకేముందో నేను ఎంత వెతికినా దొరకలేదు. గాలి కదిలితే బూజు ఎగురుతుందని షెడ్డు తలుపుని అమ్మ ఎప్పుడూ అరచేత్తో ఆనించి, చప్పుడు కాకుండా మూసేది. ఆ రోజు మాత్రం రేకులన్నీ అదిరేలా నా మొహం మీద వేసింది.